మూడుసార్లు తట్టవలెను

ఆ రోజు పొద్దున్న మోటార్ల మేడమ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ చల్లారేలోగా నలభై రెండు రికార్డుల్లో పది దిద్దాలి, తల దువ్వుకుని ఎనిమిదింటి బస్సు అందుకోవాలి. అంతే. కాలేజీలో ఎలక్ట్రికల్ మెషీన్ల లాబ్ ఆవిడే నడుపుతుంది కనక పిల్లలు ఆవిడకి ఆ పేరు పెట్టారు. ఆ విభాగంలో పాఠాలు చెప్పేవాళ్ళు తొమ్మిది మంది. ఎనిమిది మంది సార్లు, ఒక్క మేడమ్. ఉత్త ‘మేడమ్’ అన్నా సరిపోయేది గాని, పేర్లు పెట్టడంలో పిల్లలకి ఉన్న శ్రద్ధ ఇంక దేనిలోనూ ఉండదు కదా.

మొదటి రికార్డు తెరిచింది. మోటారు మీద బరువు పెంచుకుంటూ పోతే వేగం ఎంతకి పడిపోతుందో కొలిచే ప్రయోగం. నిమిషానికి 1437 చుట్లు అని ఉంది. రెండో రికార్డులోనూ 1437. మూడోది, నాలుగోది, అయిదోది కూడా అంతే. ఆ మోటారు రెండేళ్ళ కిందట కాలిపోయింది. లోపలి తీగంతా కొత్తగా చుట్టించుకుని వచ్చాక, అంత బరువు మీద అది 1410 దాటిన పాపాన పోలేదు. అంటే పిల్లలు రాసింది బతికున్న మోటారు వేగం కాదు, పోయిన మోటారు వేగం.

"ఏమిటమ్మాయ్, పుస్తకాలకేసి అలా కొరకొరా చూస్తున్నావు?" అంది అత్తగారు, చేతిలో అల్లిక సూదులు ఆపకుండానే.

"ఒక్కరూ చేసి రాయరు అత్తయ్యా. సీనియర్ల రికార్డు చూసి దించేస్తారు. ఆ సీనియర్లు వాళ్ళ సీనియర్లది దించారు. ఎన్నిసార్లు చెప్పినా గోడకి చెప్పినట్టే."

"అందరూ ఒకటే రాస్తే నీకే సుఖం కదా? ఒకటి దిద్ది, మిగతా నలభై ఒక్కదాని మీదా సంతకం పెట్టెయ్."

"అత్తయ్యా!"

"సరేలే. మా పక్కింట్లో ఒకావిడ ఉండేది. నా అల్లికల పుస్తకం అరువు తీసుకెళ్ళి, అందులోవి చూసి అల్లేసి, తన సొంత డిజైనని వీధంతా చెప్పుకునేది. ఓసారి పుస్తకం ఇచ్చేముందు అందులో ఒక ముక్క చేర్చాను. స్వెట్టరుకి రెండు చేతులూ అయ్యాక, మూడో చెయ్యి అల్లి వీపున కుట్టవలెను అని."

"అల్లిందా?"

"అల్లడమా! వాళ్ళాయన ఆ చలికాలమంతా అదే తొడుక్కుని తిరిగాడు. ఎవరన్నా అడిగితే కొత్త ఫ్యాషనని చెప్పేవాడు."

ఈ ముచ్చటలో రెండు భాగాలున్నాయి. ఆవిడ పట్టుబడడం మొదటిది, ఆయన తొడుక్కుని తిరగడం రెండోది. మేడమ్ మొదటిదానికే పడీపడీ నవ్వడంతో రెండోది చెవిన పడలేదు. పడి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఎనిమిదింటి బస్సు వదిలేసింది. ఒక కొత్త రికార్డు పుస్తకం తీసి, తన రాత ఎవరూ పోల్చుకోకుండా అక్షరాలు ఎడమవైపుకి వాల్చి, అదే ప్రయోగం శుభ్రంగా రాసింది, 1437తో సహా. ‘చేయు పద్ధతి’ కింద మూడో అంశం తరవాత నాలుగోదిగా ఈ వాక్యం చేర్చింది: ‘స్విచ్ వేయుటకు ముందు మోటారు నెత్తిన వేలి కణుపులతో మూడుసార్లు తట్టి, పది సెకన్లు ఆగవలెను.’ రాశాక, మరీ ఇంత పచ్చి అబద్ధమా అని తనకే అనుమానం వచ్చింది. వస్తేనేం, ఇది కూడా దించినవాళ్ళని సోమవారం అందరి ముందూ నిలబెట్టి, చూసి రాసే జబ్బు ఒక్క దెబ్బతో కుదురుద్దామనుకుంది. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో "ఎవరో పాత స్టూడెంట్ మర్చిపోయినట్టున్నారు" అని ఆ పుస్తకం ఇచ్చేసి, లోపలికి వెళ్ళి పిల్లల రికార్డులు తిప్పి ఇచ్చి, సోమవారం ఆ ప్రయోగం మళ్ళీ చేయాలి, రికార్డు కొత్తగా రాయాలి అని చెప్పింది. సాయంత్రానికి షాపులో కాగితాలు అయిపోయాయి.

సోమవారం లాబ్‌కి బయల్దేరుతుంటే పెద్దసారు పిలిచారు. ఆయన విభాగానికి అధిపతి. చేతులు వెనక్కి కట్టుకుని వరండాలో నడవడం ఆయన చేసే పనుల్లోకెల్లా పెద్దది.

"ఏమ్మా, ఇంకో పది రోజుల్లో తనిఖీ బృందం వస్తోంది. లాబ్ అద్దంలా ఉండాలి. వాళ్ళు వెళ్ళాక లాబ్ ఇన్‌చార్జి ఎవరన్నది కూడా తేల్చేద్దాం" అన్నారు.

ఆరేళ్ళుగా ఆ లాబ్‌లో ప్రతి మోటారుకీ ఒళ్ళు వెచ్చబడితే చెయ్యి పెట్టి చూసింది మేడమ్. తలుపు మీద ఇన్‌చార్జిగా ఉన్న పేరు మాత్రం ఇంకొకరిది. ఆయన ఆ లాబ్‌కి చేసిన సేవంతా బోర్డు మీదికి పేరివ్వడమే కనక, ఆయన్ని అందరూ బోర్డు సారు అంటారు. ఒక మీటరు మార్చాలన్నా ఆయన సంతకం కావాలి, ఆయన మాత్రం దొరకరు. ఆ బోర్డు మీద తన పేరు చూసుకోవాలని మేడమ్‌కి ఉంది. ఆశ అనండి, పంతం అనండి, ఆరేళ్ళ ఉక్రోషం అనండి, గట్టిగా ఉంది.

ఈ మాటల్లో పది నిమిషాలు ఆలస్యమైంది. లాబ్ తలుపు తీసేసరికి లోపల చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఎనిమిది టేబుళ్ళ దగ్గరా పిల్లలు మోటార్ల మీదికి వంగి ఉన్నారు. టక్, టక్, టక్. ఆ తరవాత అందరూ పెదవులు కదుపుతూ పది లెక్కపెట్టారు. స్విచ్‌లు పడ్డాయి, మోటార్లు తిరిగాయి. ముందు టేబుల్ దగ్గర లాబ్ మెకానిక్ కూడా భక్తిగా కళ్ళు మూసుకుని తడుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ గదిలోనే జుట్టు నెరిసిన మనిషి. పిల్లలకీ మేడమ్‌కీ అందరికీ ఆయన బాబాయే.

రాసినవాళ్ళని పట్టుకుందామనుకుంది గాని, చేసేస్తారని మేడమ్ కలలో కూడా అనుకోలేదు.

"బాబాయ్! మీరు కూడానా?"

"పుస్తకంలో ఉందటగా మేడమ్. ముప్పై ఏళ్ళూ తట్టకుండానే తిప్పేశాం. పాపం, ఎన్ని మోటార్లు ఉసురుమన్నాయో!"

మేడమ్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఆగండర్రా. ఆ నాలుగో అంశం అబద్ధం. నేనే రాశాను. మీరు చూసి దించుతున్నారో లేదో తెలుసుకుందామని రాసి షాపులో పెట్టాను" అంది.

ఎవరూ నవ్వలేదు. ముందు టేబుల్ కుర్రాడు గొంతు సవరించుకున్నాడు.

"మీరు మమ్మల్ని పరీక్షిస్తున్నారు మేడమ్. నేర్చుకున్నదాని మీద నిలబడతామా లేదా అని."

"కాదు నాయనా, నిజంగా నేనే రాశాను."

"అది సీనియర్ల రికార్డు మేడమ్. సీనియర్ల రికార్డులో తప్పుండదు. పైగా మూడో టేబుల్ మోటారు రోజూ గింజుకునేది. ఇవాళ తట్టగానే బుద్ధిగా తిరిగింది."

"దాని తీగ పొద్దున్నే బిగించాన్లే" అన్నాడు బాబాయ్. ఆ మాట అని ఊరుకుంటే పోయేది, "అయినా తట్టిన గుణం ఎక్కడికి పోతుంది!" అని కూడా అన్నాడు.

చివరి టేబుల్ దగ్గర ఒక్క పిల్ల మాత్రం చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ప్రతి పాఠంలోనూ లేచి "ఎందుకు మేడమ్?" అని అడగడం వల్ల ఆ పిల్లకి ఎందుకమ్మాయి అని పేరు పడిపోయింది. ఆ పిల్ల రికార్డులో నాలుగో అంశం లేదు. ఎందుకు తట్టాలని టేబుల్ టేబుల్‌కీ వెళ్ళి అడిగిందట, చెప్పగలిగినవాళ్ళు దొరకలేదట.

సరిగ్గా అప్పుడే పెద్దసారు చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి వచ్చారు. పిల్లలు మళ్ళీ తడుతుంటే నిలబడి చూశారు. నలుగురికీ తెలిసిన సంగతి తనకి తెలియదని ఒప్పుకోవడం ఆయన జాతకంలో లేదు.

"ఆఁ, ఈ తట్టడం ఈమధ్య మానేశారేమో అనుకున్నాను. మా రోజుల్లో అయిదుసార్లు తట్టేవాళ్ళం" అన్నారు.

మేడమ్ ఆయన వెనకే గదికి పరుగెత్తింది. "సార్, అది నేను రాసిన అబద్ధం. పిల్లల్ని పట్టుకోవడానికి రాశాను."

పెద్దసారు ఆవిడ మాట విని, గుమ్మంలో ఉన్న బాబాయ్ వైపు తిరిగారు. "ఏమయ్యా, నిజమేనా?"

ఆవిడ చెప్పింది పక్కనున్న మగమనిషిని అడిగి ఖాయం చేసుకోవడం ఆ విభాగంలో పాత అలవాటు. ఫ్యూజు పోయిందని ఆవిడ చెబితే బాబాయ్‌ని అడిగేవారు. బయట వాన పడుతోందని చెప్పినా బాబాయ్‌నే అడిగేవారు, కిటికీ పక్కనే ఉన్నా సరే.

"మూడో టేబుల్ మోటారు మాత్రం బాగుపడింది సార్" అన్నాడు బాబాయ్.

"చూశావామ్మా? అయినా ఇంత లోతైన విషయం నువ్వు రాయడమేమిటి! ఎవరో తల పండినవాడి చేతిరాత అది. ఆ అక్షరాల వాలు చూస్తేనే తెలుస్తోంది."

మేడమ్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆరేళ్ళుగా తన పేరుతో నిజాలు చెబుతుంటే ఒక్కరూ నమ్మలేదు. పేరు లేకుండా ఒక్క అబద్ధం రాస్తే వేదవాక్కు అయిపోయింది. ఆ సాయంత్రం బస్సులో ఆవిడకి నిజంగానే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి.

ఆ తరవాత చిలికి చిలికి గాలివాన అయింది. నాలుగు రోజుల్లో ఆ తట్టడం మిగతా విభాగాలకి పాకింది. మూడుసార్లు తట్టేవాళ్ళొక జట్టు, పెద్దసారి మాట పట్టుకుని అయిదుసార్లు తట్టేవాళ్ళింకో జట్టు. క్యాంటీన్‌లో రెండు జట్లకీ మాటామాటా పెరిగి ఒకరి చొక్కా గుండీ తెగింది. కంప్యూటర్ల విభాగంలో ఎవరో మానిటర్ తట్టి పగలగొట్టారు. మోటారుకి పనికొచ్చింది మానిటర్‌కి ఎందుకు పనికిరాలేదన్న విషయం మీద వాళ్ళు సెమినార్ పెట్టారు.

మంచిపేరు వచ్చే వాసన తగిలితే బోర్డు సారు ఎక్కడున్నా ఇట్టే వాలిపోతారు. ఆరేళ్ళలో మొదటిసారి లాబ్‌కి వచ్చారు. రావడం రావడం మోటారు బొమ్మ గీయించి, ఎక్కడ తట్టాలో బాణం గుర్తు వేయించి, అడుగున ‘రూపకల్పన’ అని తన పేరు రాయించి, పెద్ద చార్టు గోడకి తగిలించారు. పిల్లల కణుపులు వాస్తున్నాయని వడ్రంగి షెడ్డు నుంచి ఎనిమిది బుల్లి కొయ్యసుత్తులు తెప్పించారు. శుక్రవారం లాబ్ పరీక్ష కూడా తనే పెట్టారు.

శనివారం ఎందుకమ్మాయి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది.

"రెండు మార్కులు తీసేశారు మేడమ్. సుత్తి తీసుకోలేదని. అందరికంటే నాకే తక్కువ వచ్చాయి. క్లాసులో ఈ ప్రయోగం నిజంగా చేసింది నేనొక్కదాన్నే."

"నేను మాట్లాడతానమ్మా."

"మీరు రాసిందే అని మీరు చెప్పారు కదా. మరి ఎందుకు ఆపలేకపోయారు మేడమ్?"

ఆ పిల్ల అడిగిన ఎందుకుల్లో మేడమ్ జవాబు చెప్పలేనిది అదొక్కటే. తిన్నగా పెద్దసారి గదికి వెళ్ళింది. తనిఖీ బృందం ముందు తను నిజం చెప్పేస్తానంది.

పెద్దసారు మొదటిసారి చేతులు ముందుకి తెచ్చి బల్ల మీద పెట్టారు. "చూడమ్మా. కాలేజీ అంతా తడుతోంది. నేనూ తట్టేవాణ్ణని చెప్పాను. ఇప్పుడు అది అబద్ధమంటే మన పరువేం కావాలి? నువ్వు నోరు మెదపకుండా ఉంటే, ఇన్‌చార్జి విషయంలో నీ పేరు ఆలోచిస్తాను. మెదిపావా, లాబ్ సంగతి మర్చిపో."

మేడమ్ ఆదివారమంతా మింగలేక కక్కలేక గడిపింది. ఎదురుగా కూచుని అల్లుకుంటున్న అత్తగారు ఏమయిందని అడిగితే, మూడో చెయ్యి గురించి ఇంకెప్పుడూ తనకి చెప్పొద్దని మాత్రం అంది.

తనిఖీ రోజు రానే వచ్చింది. బృందంలో ముగ్గురు దిగారు. పొడుగ్గా, సూటు వేసుకుని చంకలో ఫైళ్ళు పెట్టుకున్న ఒకాయన, ముక్కుకి కళ్ళజోడు వేలాడుతున్న ఇంకొకాయన, వాళ్ళ వెనక నెరిసిన జుట్టుతో పొట్టిగా ఒకావిడ. బోర్డు సారు సూటాయన చెయ్యి పట్టుకుని లాబ్‌లోకి నడిపించి, చార్టు ముందు నిలబెట్టి, పావుగంటసేపు వివరించారు. ఆయన వినయంగా అంతా విని, "ఇవన్నీ అధ్యక్షురాలుగారికి చెప్పండి సార్. నేను ఫైళ్ళు మోసే గుమాస్తాని" అని నెరిసిన జుట్టావిణ్ణి చూపించాడు.

ఆవిడ కరెంటు తయారుచేసే ప్లాంటులో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా చేసిన మనిషి. పిల్లలు సుత్తులతో తట్టి, పది లెక్కపెట్టి, స్విచ్ వేస్తుంటే అన్ని టేబుళ్ళూ తిరిగి చూసింది. ముఖంలో ఏ భావమూ లేదు.

"చాలా కొత్తగా ఉంది. ఇది ఎవరు మొదలుపెట్టారు?"

"నేనేనండి. ఆరేళ్ళ పరిశోధన" అన్నారు బోర్డు సారు.

"దీని వెనక సూత్రం కాస్త రాసివ్వగలరా? నివేదికలో జత చేస్తాను."

బోర్డు సారు అక్కడికక్కడే ఒకటిన్నర పేజీ రాశారు. మోటారులో నిద్రాణమై ఉన్న ఎలక్ట్రాన్లు మృదువైన తాకిడికి మేల్కొంటాయని, పది సెకన్లలో వరసలో నిలబడతాయని రాసి సంతకం పెట్టారు. పెద్దసారు ‘ఇది మా విభాగపు పాత సంప్రదాయం’ అని కింద ఇంకో సంతకం పెట్టారు. అధ్యక్షురాలు కాగితం మడిచి, గోడవారగా నిలబడ్డ మేడమ్ వైపు చూసింది.

"మీరు కూడా ఈ లాబ్‌లోనే కదా? మీరేమన్నా చెప్పాలా?"

పెద్దసారు చిన్నగా దగ్గారు. ఆ దగ్గులో లాబ్ ఉంది, తలుపు ఉంది, తలుపు మీద బోర్డు ఉంది. మేడమ్ ఆయన్ని చూసింది. తరవాత చివరి టేబుల్ దగ్గర చేతులు కట్టుకున్న ఎందుకమ్మాయిని చూసింది. పోతే పోయిందనుకుంది.

"ఇది అబద్ధమండి. నేను రాశాను. పిల్లలు చూసి దించుతున్నారో లేదో పట్టుకోవడానికి పేరు లేకుండా రాసి వదిలాను. ఆపుదామని చూశాను, నా వల్ల కాలేదు. దీని మూలంగా ఆ అమ్మాయికి రెండు మార్కులు పోయాయి. తప్పు నాదే."

పెద్దసారు అలవాటు కొద్దీ గిర్రున బాబాయ్ వైపు తిరిగారు.

"ఆయన్నెందుకు చూస్తారు?" అంది అధ్యక్షురాలు. "చెబుతున్నది ఆవిడ కదా?"

ఆరేళ్ళలో ఆ గదిలో ఆ మాట అన్న మనిషి లేదు.

"చెప్పండమ్మా, అబద్ధమని రుజువేమిటి?"

"మోటారునే అడగండి" అని మేడమ్ ఎందుకమ్మాయికి సైగ చేసింది.

ఆ పిల్ల సుత్తి పక్కకి నెట్టి, మోటారుకి బరువు తగిలించి, తట్టకుండా, ఆగకుండా స్విచ్ వేసింది. నలభై ఒక్కమంది ఊపిరి బిగబట్టారు. బాబాయ్ చెవులు మూసుకున్నాడు. మోటారు హాయిగా తిరిగింది. ఆ పిల్ల వేగం కొలిచే మీటరు పెట్టింది.

"ఎంత వస్తుంది పిల్లలూ?" అంది అధ్యక్షురాలు.

"1437!" అన్నారు నలభై ఒక్కమందీ ఒకే గొంతుతో.

అధ్యక్షురాలు మీటరు చేతిలోకి తీసుకుని చూసింది. 1408. ఇక ఆవిడ వల్ల కాలేదు. స్టూలు లాక్కుని కూచుని, కళ్ళజోడు తీసి, పొట్ట పట్టుకుని నవ్వింది. తేరుకున్నాక మేడమ్‌ని మందలించింది కూడా. "ఎర వేసినవాళ్ళు గాలం చేతిలో పట్టుకోవాలి గాని, ఒడ్డున పారేసి పోకూడదమ్మా" అంది. మేడమ్ తల వంచుకుని ఒప్పుకుంది. సంతకాలున్న కాగితం నివేదికకి జత అయింది. దాన్ని వెనక్కి తీసుకుందామని బోర్డు సారు గేటు దాకా పరుగెత్తారు గాని, గుమాస్తా ఫైలు ముడి వేసేశాడు.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. ఎందుకమ్మాయికి రెండు మార్కులూ వెనక్కి వచ్చాయి. పెద్దసారు చేతులు మళ్ళీ వెనక్కి కట్టుకున్నారు. లాబ్ తలుపు మీద మేడమ్ పేరు ఎక్కింది. బాబాయ్ స్వయంగా మేకులు కొట్టాడు. మేడమ్ అటూ ఇటూ నడుస్తూ ఆ పేరు నాలుగుసార్లు చదువుకుంది. ఎవరూ చూడలేదనుకుంది గాని, పిల్లలందరూ చూశారు.

ఇన్‌చార్జిగా ఆవిడ పెట్టిన మొదటి నియమం పాత రికార్డుల నిషేధం. జిరాక్స్ షాపుకి వెళ్ళి, ఉన్నవన్నీ మోసుకొచ్చి బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండో నియమం, ప్రతి రికార్డు చివరా ఒక పేజీ సొంత మాటల్లో రాయాలి: నేను ఈ బ్రాంచిలో ఎందుకు చేరాను, ఈ ప్రయోగంలో ఏం నేర్చుకున్నాను. ఎవరి కథ వాళ్ళదే కనక, చూసి రాయడానికి వీలే లేదని ఆవిడ ధీమా.

మళ్ళీ వారం నలభై రెండు రికార్డులూ వచ్చాయి. పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని కూచుంది. మొదటిదాంట్లో వేగం 1404. రెండోదాంట్లో 1406. ఇంకోదాంట్లో 1409. ఎవరిది వాళ్ళదే! మేడమ్‌కి కడుపు నిండిపోయింది. ఆ సంతోషంలో చివరి పేజీలు అత్తగారికి పైకి చదివి వినిపించడం మొదలుపెట్టింది.

"‘ఆడపిల్లవి, నీకు మోటార్లెందుకని మా పెద్దమ్మ వెక్కిరిస్తే, పంతం పట్టి ఈ బ్రాంచిలో చేరాను.’"

అత్తగారు సూదులు ఆపేసింది. "అబ్బ, ఎంత బాగా రాసిందమ్మా! ఎవరూ, ఆ ఎందుకమ్మాయేనా?"

మేడమ్ రెండోది తెరిచింది. ఆ తరవాత మూడోది, నాలుగోది. ఆ తరవాత గబగబా అన్నీ. పెద్దమ్మ మారలేదు, పంతం మారలేదు. అన్నిటిలోనూ మూడో వరసలో అదే చోట కొట్టివేత ఉంది.

"నలభై రెండిట్లోనూ అదే ఉందా? పాపం, ఎంతమంది ఆడపిల్లల్ని ఎంతమంది పెద్దమ్మలు వెక్కిరించారో!" అని అత్తగారు కళ్ళు ఒత్తుకుంది.

ఆ క్లాసులో ఆడపిల్లలు పదకొండు మంది.